ఫోటోలో కారు ఎవరిది?

మొన్న ఖాజాగూడలో ఓ మిత్రుడు వాళ్ల తాతగారి ఆల్బమ్ తీశాడు. నలుపు తెలుపు ఫోటోలో పొడుగు ముక్కు కారు. "బెంజే కదా?" అన్నాడు. తొందరపడకన్నాను.

ముందు రేడియేటర్ జాలీ చూడాలి. రెండు చిక్కుడు గింజలు నిలబెట్టినట్టుంటే బీఎమ్‌డబ్ల్యూ. ఆ ముఖం 1933లో వచ్చింది. నాలుగు వలయాలుంటే ఆటో యూనియన్: 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హార్చ్, వాండరర్ కలిసిన సంస్థ.

అసలు చిక్కంతా బాడీతోనే. ఆ రోజుల్లో ఖరీదైన కార్లకు ఇంజనూ ఛాసిస్సూ ఒకరివి, పైన బాడీ తరచు మరొకరిది. మన చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, దాని ఛాసిస్ రోల్స్‌రాయిస్‌ది, బాడీ లండన్ బార్కర్‌ వాళ్లది. జర్మనీలో ఆ పనికి బెర్లిన్‌లో ఎర్డ్‌మన్ అండ్ రోసీ, డ్రెస్డెన్‌లో గ్లేజర్ పేరుపడ్డాయి. బాడీ కట్టినవాళ్ల బిళ్ల చాలాసార్లు తలుపు దగ్గర, కింది అంచున ఉంటుంది. ఫోటోలో అది ఆవగింజంత. పేరు చదవలేకపోయినా ఆకారం పనికొస్తుంది. తలుపు కీళ్లు ఎటున్నాయో, మడిచిన టాపు ఎంత ఎత్తు లేచిందో కూడా చూడాలి.

స్టీరింగ్ ఎడమనుంది, జర్మన్ కారేనని మేమిద్దరం సంబరపడ్డాం. తీరా చూస్తే నంబరు ప్లేటు అద్దంలో రాతలా ఉంది, ఫోటో తిరగేసి ప్రింటయింది! ఇక జాలీ చూద్దామంటే, సరిగ్గా దాని ముందే తాతగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.