అంబాసిడర్ హోటల్ గోడల ముచ్చట

సినిమాల హోటల్ కనబడితే మనం హీరోను చూస్తం, గోడలను చూడం. ఇయ్యాల జర గోడల ముచ్చట మాట్లాడుకుందాం.

అమెరికాల లాస్ ఏంజెలస్ నగరంల, విల్‌షైర్ రోడ్డు మీద 1921 జనవరి 1న అంబాసిడర్ హోటల్ తెరిచిండ్రు. అండ్ల కోకోనట్ గ్రోవ్ అనే విందుశాల. 1940 ఫిబ్రవరి 29న అక్కడ్నే ఆస్కార్ పండుగ జరిగింది. 'గాన్ విత్ ది విండ్'ల పనిమనిషి వేషం కట్టిన హ్యాటీ మెక్‌డేనియల్‌కు ఉత్తమ సహాయ నటి బహుమతి వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమెనే. కాని ఆ హోటల్ల నల్లోళ్లకు ప్రవేశం లేకుండె. నిర్మాత సెల్జ్‌నిక్ అడిగి ఒప్పిస్తెనే లోపటికి రానిచ్చిండ్రు. అయినా తోటి నటుల బల్లకాడ కాదు, గోడ పక్కన వేరే బల్ల ఏసి కూసోబెట్టిండ్రు. చేతుల బహుమతి, కూసునేది మూలకు! వేరే గ్లాసు, వేరే జాగ అంటే ఏందో మనకు ఒకరు చెప్పే పనిలేదు.

1967ల వచ్చిన 'ది గ్రాడ్యుయేట్' సినిమా ఇక్కడ తీసిండ్రు. తెర మీద పేరు మాత్రం టాఫ్ట్ హోటల్. మరుసటేడు, 1968 జూన్ 5న, కాలిఫోర్నియా ప్రైమరీ గెలిచి ప్రసంగం ముగించిన రాబర్ట్ కెన్నెడీని వంటింటి దారిల కాల్చిండ్రు. కిందవడ్డ ఆయన తలకాయ పట్టుకున్నది హువాన్ రొమెరో, ఎంగిలి పళ్లేలు తీసే 17 ఏండ్ల పిలగాడు. ఆ రాత్రి ఫొటోల మనకు యాదికుండేది ఆ పిలగాని మొఖమే.

1989ల హోటల్ మూతవడ్డది. బస చేసెటోళ్లు లేరు గని షూటింగులకు తలుపులు తెరిచే ఉండె. ఆ జాగ కోసం ఏండ్ల తరబడి కొట్లాట. డోనాల్డ్ ట్రంప్ ఉన్న వ్యాపార బృందం 125 అంతస్తులు లేపుతమన్నది. స్కూల్ బోర్డు బడి కడ్తమన్నది. ఎందుకంటే ఆ వాడ పిల్లలు సీట్లు చాలక బస్సులల్ల దూరపు బళ్లకు పోతుండిరి. చరిత్రను కాపాడాలన్నోళ్లేమో కట్టడాన్ని ఉంచుమన్నరు. మనం ఎవరి పక్షం? మాకైతే బడే ముఖ్యం. గని ఆ వంటింటి దారి ఉన్న జాగలనే నిలిస్తే బడిపిల్లలే చూసెటోళ్లు గద!

2005 ఆఖర్ల కూలగొట్టుడు మొదలైతుంటే, ఎమిలియో ఎస్తెవెజ్ 'బాబీ' సినిమా కోసం అక్కడ్నే కొంత చిత్రీకరించిండు. 2010 కల్లా రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ కమ్యూనిటీ స్కూల్స్ పూర్తిగ తెరుచుకున్నయి. ఖర్చు దాదాపు 57.8 కోట్ల డాలర్లు, 4,200 మంది పిల్లలకు చోటు. ఆయన చివరి ప్రసంగం చేసిన బాల్‌రూమ్ ఉన్నకాడ ఇప్పుడు లైబ్రరీ ఉన్నది.