ఎ సెక్షన్ నాగరాజు, బి సెక్షన్ నాగరాజు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఎలక్ట్రానిక్స్ గురించి అర్థమయ్యేలా మాట్లాడమని సంఘం వాళ్లు షరతు పెట్టారు. అందుకని నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

మేం తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎ సెక్షన్‌లో ఒక నాగరాజు, బి సెక్షన్‌లో ఒక నాగరాజు ఉండేవారు. సారు ఏ గదిలో "నాగరాజూ" అని పిలిస్తే ఆ గదివాడే లేచేవాడు. ఇబ్బందేం లేదు. ఒకసారి మాత్రం బి సెక్షన్ వాడి ప్రోగ్రెస్ కార్డు ఎ సెక్షన్ వాడి ఇంటికి పోయింది. వాడు తన్నులు తిన్నాడు. పేరు ఒకటే, మనుషులు వేరు.

సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో గీసే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే బుద్ధి. నేను వాడేది కీక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లో జ్యాఁ పియెర్ షరా అనే అధ్యాపకుడు మొదలుపెట్టారు. ఉచితం, మన బడి ల్యాబులోనూ పెట్టుకోవచ్చు. అందులో కలిసి ఉండాల్సిన కాళ్లన్నిటి కలయికను నెట్ అంటారు. ప్రతిదానికీ గీత లాగితే బొమ్మంతా చిక్కుపడిన నులకే. అందుకని ఇక్కడ ఒక ముక్క, అక్కడ ఒక ముక్క గీసి రెండింటికీ ఒకే పేరు పెడతాం. మధ్యలో గీత లేకపోయినా రెండూ కలిసినట్టే లెక్క. అదే రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినంత మాత్రాన కలిసినట్టు కాదు, చుక్క ఉండాలి. ఆ చుక్క సంగతి మన ఫిజిక్స్ సారు నల్లబల్ల మీదే చెప్పారు.

పెద్ద సర్క్యూట్‌కు నాలుగైదు షీట్లు కావాలి. మామూలు లేబుల్ ఆ షీటు వరకే చెల్లుతుంది, సెక్షన్ నాగరాజు లాగా. గ్లోబల్ లేబుల్ అన్ని షీట్లలోనూ చెల్లుతుంది. "హెడ్మాస్టరు సారు" అని ఏ గదిలో అన్నా ఒకరే కదా! గ్రౌండు గుర్తు ఈ కోవలోదే. ఇంకొకటుంది, హైరార్కికల్ లేబుల్. అది క్లాసు లీడరు. లోపలి షీటు మాటను పై షీటుకు మోస్తుంది, కాకపోతే పైన అదే పేరుతో పిన్ను ఉండాలి, దానికి గీత కలపాలి.

ఇది తెలిసీ తప్పు చేశాను. మన దగ్గర బోరులో నీళ్లు ఎప్పుడు అయిపోతాయో చెప్పలేం. నీళ్లు లేకుండా తిరిగితే మోటరు కాలుతుంది. అప్పుడది లాగే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదల పసిగట్టి మోటరును ఆపే బోర్డు ఒకటి మా నాయన కోసం చేశాను. కరెంటు కొలిచే భాగం ఒక షీటు, రిలే ఇంకో షీటు. రెండింట్లోనూ "ట్రిప్" అని మామూలు లేబుల్ పెట్టాను. ఒకే పేరు కాబట్టి కలిసిపోయాయనుకున్నాను. తనిఖీ చేయిస్తే సాఫ్ట్‌వేర్ చాలా హెచ్చరికలు చూపింది. ఒకే పిన్నుకు తగిలిన లేబుల్ ఉందన్నదీ వాటిలో ఉంది. చదవలేదు. బోర్డు వచ్చాక బల్ల మీద పరీక్షించాను. ఎర్ర లైటు వెలిగింది, చాలనుకున్నాను. రిలే టక్కుమందా లేదా అని వినలేదు.

మే నెలలో కళ్యాణదుర్గం దగ్గర మా పొలం నుంచి నాయన ఫోన్ చేశాడు. "ఎర్ర లైటు వెలిగిందప్పా, మోటరు మాత్రం ఆగలేదు" అన్నాడు. ఎక్కడ తెగిందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. అంత కచ్చితంగా లోపం చెప్పిన ఇంజనీరును నేను ఇంతవరకు చూడలేదు.

ఐదు వందల అడుగుల పైపులు పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి పదకొండు రోజులు పట్టింది. ట్యాంకరు నీళ్లు అన్నిటికీ చాలలేదు. ఏడాది వయసు చీనీ మొక్కలు నలభై ఎండిపోయాయి. నాయన నన్ను ఏమీ అనలేదు. ఎండిన మొక్కలు తనే పీకాడు, నన్ను పీకనివ్వలేదు.

రెండో బోర్డులో మార్చింది ఆ లేబుల్ ఒక్కటే. గ్లోబల్ చేశాను, రెండు నిమిషాల పని. ఈ సారి నిజంగా బోరు ఎండేదాకా పొలంలోనే కూర్చున్నాను. రిలే టక్కుమంది. మోటరు ఆగింది.

ఆ మొదటి బోర్డు ఇక్కడికి తెచ్చాను. భోజనాలయ్యాక ల్యాబులో మీటరుతో సహా బల్ల మీద పెడతాను. లేని తీగ ఎక్కడుందో వెతకండి. మొదటి వంతు పదో తరగతి పిల్లలది. నాగరాజులిద్దరూ వచ్చారు కాబట్టి, తర్వాత వాళ్లు.