తెర చదివే గొంతు ఆగిపోతే

చూపు లేనివారు కంప్యూటర్‌ను చెవితో వాడతారు. తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. మరి ఆ సాఫ్ట్‌వేర్‌నే కంపెనీ ఆపేస్తే?

అలా జరిగింది. అమెరికాలో తయారైన విండో-ఐస్ అనే స్క్రీన్ రీడర్‌ను ఇరవై ఏళ్లకు పైగా ఎందరో వాడారు. 2017లో దాన్ని నిలిపేశారు. పాతది వెంటనే మూగబోదు. కానీ విండోస్ మారుతుంటుంది, బ్రౌజర్ మారుతుంటుంది. ఒకరోజు ఏదో బటన్ పేరు వినిపించదు. అసలు కష్టం వేళ్లది. ఏళ్ల తరబడి అలవాటైన కీలు కొత్తదాంట్లో వేరే పని చేస్తాయి. గొంతూ వేరే. డబ్బు పెట్టి కొన్నవారికి ఒళ్లు మండదా మరి!

అందుకే రెండో స్క్రీన్ రీడర్‌ను ముందే నేర్చుకోండి. ఎన్‌వీడీఏ అనేది ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధుడు 2006లో మొదలుపెట్టింది. తెలుగూ చదువుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ విండోస్ కంప్యూటర్ దగ్గరికైనా వెళ్లొచ్చు. అదీ లేకపోతే, విండోస్‌లోనే నెరేటర్ ఉంది. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి, మాట్లాడుతుంది. మళ్లీ చెబుతున్నా: విండోస్, కంట్రోల్, ఎంటర్. పాతది పనిచేస్తుండగానే, రోజూ కాసేపు కొత్తదాంతో ఒక ఉత్తరం టైపు చేసి చూడండి.