ఉద్యోగి మనస్సు - క్రొత్త ఆలోచన



1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు చెంత, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను కనుగొనిన సంగతి మీరు వినియే ఉందురు. ఆయన ఒక ఉద్యోగి అన్న విషయమును మాత్రము మనము అంతగా తలపము. నేడు మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

సైనికులకు చికిత్స చేయుట రాస్ కొలువు. దోమల పరిశోధన ఆయన తనంతట తాను తలకెత్తుకొనిన పని. పంకా వేసినచో కోసిన దోమ ఎగిరిపోవును. అందుచేత ఉక్కలోనే కూర్చుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. హుసేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకొనెను. (రోగికి కూలి ముట్టిన వైద్యము ఇదొక్కటియే కాబోలు!) తగిన జాతి దోమ ఏదో తెలియక రెండేండ్లపాటు కోసినవన్నియు వృథా అయ్యెను.

ఇట్టి స్థితిలో ఎంతవాని మనస్సైనను విరుగును. రాస్ మనస్సును నిలిపినవి లండను నుండి పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు వ్రాసిన ఉత్తరములు. విఫలమైన పనిని గూర్చి కూడ రాస్ ఆయనకు దాపరికము లేక వ్రాయగలిగెను.

పై అధికారుల తీరు వేరు. క్రిమి కనబడిన కొలది వారములకే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. మనుష్యుల మలేరియాపై పని ఆగినది. మాన్సన్ పట్టుపట్టగా 1898లో కలకత్తాలో పరిశోధనకే నియమించిరి. ఆ ఏడే, పక్షుల మలేరియా దోమకాటుతో వ్యాపించునని రాస్ ఋజువు చేసెను. 1902లో నోబెల్ బహుమతి లభించెను.

జీతము, సెలవు అవసరములే. వానితోపాటు నిర్భయముగా మాటాడు వీలు కూడ ఉండవలెను. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అను ఆచార్యురాలు 1990ల దశకములో ఆసుపత్రి జట్లను పరిశీలించగా, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు కనబడెను. అచ్చట పొరపాట్లు దాచవలసిన భయము లేకపోవుటయే కారణమని ఆమె గ్రహించెను.

మన పంచాయతీనే చూడుడు. నీళ్ల ట్యాంకు చూచువాడు, పల్లపు వీధికన్న ముందు మెరక వీధికి నీరు విడిచిన మేలని సర్పంచికి చెప్పినాడనుకొందము. “నీకెందుకు, చెప్పిన పని చేయుము” అన్నచో వాడు ఊరకుండును. మరునాడు గొట్టము పగిలినను వాడు నోరు విప్పడు.