చేనులో చేరే ఉప్పు
(చీడికాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి పెన్షనుతోపాటు ఎకరమో, అరెకరమో భూమి ఉంది. పెన్షను లెక్క నెలనెలా సరిచూసుకుంటాం. భూమి లెక్క మాత్రం కౌలుదారుకు వదిలేస్తాం. అందుకే ఈ నాలుగు మాటలు.

చౌడు అనగానే సముద్రతీరం గుర్తుకొస్తుంది. చీడికాడకు సముద్రం దూరమే. కాని ఉప్పు సాగునీటితోనూ వస్తుంది. లీటరుకు అర గ్రాము ఉప్పున్న బోరు నీటిని ఎకరాకు మొత్తం మీద ఒక మీటరు లోతున పెట్టామనుకోండి. అది సుమారు 4,000 ఘనపు మీటర్ల నీరు; అందులో 2,000 కిలోల ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. వానకు కడుక్కుని పోయే దారి ఉంటే ఫరవాలేదు. దారి మూసుకుపోతే అడుగునీరు పైకొచ్చి, ఉప్పును వేళ్ల దగ్గరకే తెస్తుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద కోనంకిలోను, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోను నేలలు చౌడుబారాయి. బాపట్ల శాస్త్రజ్ఞులు డచ్చివారి సహకారంతో పొలాల అడుగున రంధ్రాల గొట్టాలు వేసి ఉప్పునీటిని బయటికి తీయవలసి వచ్చింది.

మనకు బొడ్డేరు మీద కోనాం జలాశయం ఉంది. నీరు రావడమే చూస్తున్నాం, పోవడం చూడటం లేదు. అడంగల్‌లో నీటి వనరు రాసే గడి ఉంది. మురుగు పోయే దారి రాసే గడి లేదు. గెడ్డలు, బోదెలు పూడ్చి చేలో కలుపుకుంటే, కిందివాడు చేసిన పనికి పైవాడి చేను ఊరుతుంది.

చౌడు రెండు రకాలు. పాల చౌడులో పైన తెల్లని పొర కనిపిస్తుంది. గట్లు వేసి, మంచినీరు నిలగట్టి, మురుగు తీసేస్తే బాగుపడుతుంది. కారు చౌడు నల్లబారి, నీరు ఇంకనివ్వదు. ఉదజని సూచిక 8.5 దాటుతుంది. దానికి పరీక్షలో చెప్పినంత జిప్సం వేసి, నీరు నిలగట్టి తీసేసి, జీలుగ కలియదున్నాలి. ఏ రకమో తెలియకుండా జిప్సం బస్తాలు కొనడం డబ్బు దండగ.

కనుక ఈ వేసవిలోనే మన్నును, బోరు నీటిని పరీక్షకు పంపించండి. పిల్లలను వెంటబెట్టుకుని మీ చేను మురుగు ఎటు పోతున్నదో చూపించండి. దారి మూసుకుపోయి ఉంటే, సర్వే నంబరు వేసి తహసీల్దారు గారికి అర్జీ పెట్టండి. అర్జీ రాయడం మనకు ఒకరు నేర్పనక్కరలేదు. పెన్షను మనతో పోతుంది, భూమి పిల్లలకు మిగులుతుంది. దాన్ని చౌడు చేసి అప్పగించవద్దు.