చచ్చినోళ్ళ లెక్క ఎవరు రాశారు?

(వాడ పెద్దలు, కార్యకర్తలు కూర్చున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కరోనాలో ఎంతమంది పోయారని ఎవరైనా అడిగితే మనం ఏం చెప్తాం? 2020, 2021 రెండేళ్ళలో మన దేశంలో 4 లక్షల 81 వేల మంది అని సర్కారు లెక్క. 47 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో చెప్పింది. లెక్క కట్టిన పద్ధతే తప్పని మన ప్రభుత్వం దాన్ని కొట్టిపారేసింది. ఒకటే దేశం, ఒకటే రోగం, రెండు లెక్కలకీ పది రెట్ల తేడా! ఈ తేడా ఎక్కడ్నించి వచ్చిందో డాక్టర్లకే వదిలేస్తే కుదరదు. లెక్కలో లేనోడి పెళ్ళాం పిల్లలకు పరిహారం రాదు గనక మనమూ తెలుసుకోవాలి.

ముందు రోగం పాకే తీరు చూద్దాం. ఇది ఊపిరితో పాకేది. మొదట్లో ఒకరి నుంచి సగటున ఇద్దరికో ముగ్గురికో అంటుకునేది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... పదిసార్లు రెట్టింపైతే వెయ్యి దాటుతుంది. నేను పిల్లలచేత బోర్డు మీద చేయించే లెక్కే ఇది. గాలాడని గది, నలుగురు పడుకునే చోట పదిమంది దొరికితే దానికి పండగే. రోగానికి కులం లేదని పెద్దమనుషులు అంటుంటారు. రోగానికి లేదు, నిజమే. ఉండే ఇంటికుంది, చేసే పనికుంది.

సింగపూరులో ఏం జరిగిందో చూడండి. 2020లో అక్కడ సుమారు 3 లక్షల 20 వేల మంది వలస కూలీలు బసల్లో మంచం మీద మంచం వేసుకుని ఉండేవాళ్ళు. 2020 ఏప్రిల్లో రోగం అక్కడ చొరబడింది. ప్రభుత్వం రోజూ ఇచ్చే లెక్కలో బసల్లో కేసులు ఒక వరస, మిగతా సమాజంలో కేసులు ఇంకో వరస. ఊరు వేరు, వాడ వేరు అన్నట్టు! ఆ డిసెంబరుకల్లా బసల్లోని కూలీల్లో నూటికి 47 మందికి సోకిపోయిందని తేలింది. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. వాళ్ళు రక్తపరీక్షలు చేసి వెతికారు, అందుకే ఆ సంఖ్య బయటపడింది. మన ముంబాయిలో కూడా 2020 జులైలో మూడు వార్డుల్లో రక్తం తీసి చూస్తే, మురికివాడలని వాళ్ళు రాసే పేటల్లో నూటికి 57 మందికి, బయట 16 మందికి సోకినట్టు కనబడింది.

వెతికితేనే దొరుకుతుంది. నేను పరీక్ష పెట్టకపోతే నా క్లాసులో ఫెయిలయ్యేవాడే ఉండడు. టాంజానియా 2020 మేలో 509 కేసుల దగ్గర లెక్క చెప్పటమే ఆపేసింది. ఏడాదికి పైగా ఆ సంఖ్య కదల్లేదు. రోగం ఆగినందుకా? చెప్పేవాడు లేనందుకు. అదే 2020 మార్చి నెలాఖరుకి ఇటలీలో రోగం తేలినవాళ్ళలో నూటికి పదిమందికి పైగా చనిపోతున్నారు, జర్మనీలో ఒక్కరు. వైరస్ ఒకటే. జర్మనీ వాళ్ళు తేలిగ్గా జబ్బుపడ్డ వయసువాళ్ళకు కూడా పరీక్ష చేశారు. ఇటలీలో పరీక్ష చాలావరకు ఆస్పత్రికి చేరిన ముసలివాళ్ళకే అందింది. కింద ఉండే సంఖ్య చిన్నదైతే చావు శాతం పెద్దదవుతుంది. అందుకని ఏ దేశం లెక్క చూసినా, ఎంతమందిని పరీక్షించి చెప్తున్నారయ్యా అని ముందు అడగాలి.

కేసులు దాగినా శవం దాగదు అనుకుంటాం. అదీ దాగుతుంది. బెల్జియంలో పరీక్ష లేకపోయినా, వృద్ధాశ్రమాల్లో కరోనా అనుమానంతో పోయినవాళ్ళను కలిపి రాశారు. దాంతో లోకమంతా బెల్జియం పనైపోయిందంది. బ్రిటన్ 2020 ఆగస్టులో, పరీక్ష తేలిన 28 రోజుల్లోపు పోయినవాళ్ళే లెక్క అని నిబంధన మార్చేసరికి 5 వేల పైన చావులు ఒక్కరోజులో జాబితాలోంచి పోయాయి. పెరూ కథ దీనికి ఎదురు. 2021 మే ఆఖరున నిపుణులచేత పాత కాగితాలన్నీ తిరగదోడించి, తన లెక్కను 69,342 నుంచి 1,80,764కి తనే పెంచుకుంది. సిగ్గుపడకుండా తప్పు దిద్దుకున్న ప్రభుత్వం అది.

అసలు కొలిచే దారి ఇంకోటుంది. కారణం సంగతి పక్కన పెట్టండి. మామూలు ఏడాది మన ఊళ్ళో పదిమంది పోతారు, ఆ ఏడాది పదహారుమంది పోయారు. ఆ పై ఆరుగురినీ అదనపు చావులంటారు. మన ప్రభుత్వ రిజిస్టర్లలోనే 2020లో 81 లక్షల చావులు నమోదైతే, 2021లో కోటీ 2 లక్షలయ్యాయి. ఈ లెక్క 2025లో గానీ బయటికి రాలేదు. నమోదు చేయించేవాళ్ళు పెరగటం వల్ల కొంత పెరిగుండొచ్చు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు దానివల్లే పెరిగాయంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు మనకు బాగా పనికొచ్చే కాగితం ఒకటి చెప్తాను. 1918లో వచ్చిన జ్వరాన్ని స్పెయిన్ ఫ్లూ అన్నారు. అది స్పెయిన్‌లో పుట్టిందని కాదు. యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల నోరు నొక్కితే, యుద్ధంలో లేని స్పెయిన్ పత్రికలు ఉన్నది రాశాయి. నిజం చెప్పినోడికే ఆ పేరు అంటింది! మన దేశానికి అది ఓడల మీద బొంబాయి రేవుకొచ్చి, రైలెక్కి ఊరూరికీ పాకింది. మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. ఆనాడు బొంబాయి నగర అధికారులు చావుల్ని కులాలవారీగా, మతాలవారీగా రాశారు. వెయ్యిమందికి యూరోపియన్లు 8.3, పార్శీలు 9, ముస్లింలు 19.2, సవర్ణ హిందువులు 18.9. మరి 'తక్కువ కులాల హిందువులు' అని రాసినవాళ్ళో? 61.6! ఒకే నగరం, ఒకే గాలి. సవర్ణుడు ఒకడు పోయినచోట మనవాళ్ళు ముగ్గురు పోయారు. ఇది మనం కల్పించింది కాదు, తెల్లోడి ఆఫీసు లెక్క.

నూరేళ్ళ తర్వాత అమెరికా, బ్రిటన్ దేశాలు నల్లవాళ్ళెంతమంది, తెల్లవాళ్ళెంతమంది అని విడదీసి కరోనా చావుల్ని ప్రకటించాయి. నల్లవాళ్ళే ఎక్కువ పోతున్నారని అలా రుజువైంది, అక్కడ ఉద్యమాలకు అది ఆయుధమైంది. మన దగ్గర రోజూ ఇచ్చిన లెక్కలో కులం గడి లేదు. పారిశుధ్య పనివాళ్ళలో, శవాలు మోసినవాళ్ళలో, కాలినడకన ఇంటికొచ్చిన వలస కూలీల్లో మనవాళ్ళెందరు పోయారంటే చూపించటానికి మన చేతిలో కాగితం లేదు.

కాగితం విలువ పరిహారం దగ్గర తెలిసింది. సుప్రీంకోర్టు చెప్పాక కుటుంబానికి 50 వేలు ఇస్తామన్నారు. 2022 జనవరిలో కోర్టుకిచ్చిన వివరాల్లో తెలంగాణ చావుల లెక్క 3,993, దరఖాస్తులు 28,969. గుజరాత్‌లో 10,094కి 89,633. ఆ దరఖాస్తులు పెట్టినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు. ఇంటిదగ్గరే ఆయాసంతో పోయి, గుండెపోటనో జ్వరమనో చెప్పుకున్నవాళ్ళ సంగతేమిటి?

కార్యకర్తలు చెయ్యాల్సిన పని చెప్తాను. ఇకమీదట వాడలో ఎవరు పోయినా 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించండి, దానికి రుసుం లేదు. చూసిన డాక్టరు ఉంటే చావుకు కారణం రాయించుకోండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. 2020, 2021లో పోయినవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగి రాయండి: పేరు, వయసు, కులం, చేసే పని, పోయిన తేదీ, పరీక్ష చేశారా లేదా. తేదీ గుర్తు లేదంటే పండగ గుర్తులు అడగండి, మన అమ్మలు చెప్తారు. 2018, 2019 చావులు కూడా పక్క పేజీలో రాయాలి, లేకపోతే పోల్చటానికేమీ ఉండదు. నోటుబుక్కులు తెచ్చాను. వాడకు ఇద్దరు చొప్పున ముందుకొచ్చి తీసుకోండి, వాళ్ళలో ఒకరు ఆడవాళ్ళయ్యుండాలి.