సిద్దెలో నూనె



మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానం మనలో చాలామందికి చిన్ననాటి నుంచీ తెలిసినదే. అందులో ఒక సంగతి చూడండి. పెండ్లికుమారుడు ఆలస్యం చేసినప్పుడు పదిమందీ నిద్రపోయారు. పదిమంది దగ్గరా దివిటీలున్నాయి. తేడా అల్లా సిద్దెల్లో తెచ్చుకున్న నూనె దగ్గరే.

ఇంజినీరుగా నాకు ఈ తేడా బాగా తెలుసు. ఆనకట్ట గేట్లకు గ్రీజు పెట్టి, ఎత్తి దించి చూసుకునేది వానాకాలానికి ముందే. వరద వచ్చిన రాత్రి ఆ పని మొదలుపెట్టలేం.

బుద్ధిగలవారు నూనె పంచలేదేమని చిన్నప్పుడు అనిపించేది. విశ్వాసం అప్పిచ్చేది కాదని ఈ వయసులో తెలుస్తోంది. తల్లిదండ్రుల ప్రార్థనలు మనల్ని ఇంతదూరం నడిపించాయి. ఇకపై మోకరించవలసింది మనమే.

ఆదివారానికి కొంత, ఆపదకు కొంత అని పంచిపెట్టిన మనసుతో ఆ సిద్దె నిండదు. పూర్ణహృదయంతో ప్రేమించడమంటే ఎవరూ చూడని చోట కూడా దేవునివారమై ఉండటం. బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు, ఇంట్లో కోపం వచ్చినప్పుడు, ఏళ్లుగా పలకరించని అన్నదమ్ముడు ఎదురైనప్పుడు మన విశ్వాసమెంతో తేలుతుంది.

మన సహాధ్యాయుల్లో కొందరు ఇప్పటికే ప్రభువునందు నిద్రించారు. అర్ధరాత్రి కేక ఎప్పుడో మనకు తెలియదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నూనె ఉన్నవారూ నిద్రపోయారు, కానీ కేక వినగానే లేచి వెళ్లగలిగారు. పలకరించవలసిన ఆ మనిషికి ఈ వారమే ఫోన్ చేద్దాం. సిద్ధపాటు అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్రభువు మనందరినీ దీవించును గాక.